రెండు గొంతుల ఊ

దండ వేసిన ఫోటోలో కూడా ఆయన ఎవరో చెప్పేది వింటున్నట్టే ఉన్నాడు. తల కొంచెం ముందుకు, కళ్ళు ఎదుటివాళ్ళ మూతి మీద, పెదాలు సగం తెరిచి. మణుగూరు నుంచి ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు బొమ్మ పెట్టబుద్ధి కాలేదు. ఫోను బోర్లా పడేసి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏముందో కూడా చూడకుండా కాసేపు నిలబడ్డాను.

ఆయన నాకు చుట్టమేం కాదు. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. మా పరిచయమంతా ఒక ఎండాకాలం, భద్రాచలం కరకట్ట దగ్గర ఒక లాడ్జిలో. ఆ లాడ్జిలో కూర్చుని మేము ఒక టీవీ సిరీస్‌కు కథ వండుతున్నాం. అందులో బాబాయ్ పని ఊ కొట్టడం.

నవ్వకండి. నిజంగా అదే పని.

మా డైరెక్టర్ ఆయనకు మేనల్లుడు. మనవాళ్ళు ఓడలెక్కి వేరే గ్రహాలకు పోయే సినిమాలు మూడు తీశాడు. మొదటిది పిచ్చిపిచ్చిగా ఆడింది. రెండోది కూడా ఆడింది. మూడోది పోయింది. ఎంతగా పోయిందంటే, అన్నా అన్నా అని వెంట తిరిగినవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. అలాంటప్పుడు ఒక ఛానెల్ వాళ్ళు కబురు పెట్టారు. సినిమా మాట తర్వాత, ముందు ఆ సినిమాల్లోంచి ఒక పాత్రను తీసుకుని ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ ఆలోచించండి, మేమే అక్కడికొచ్చి వింటాం అన్నారు.

ఏ పాత్రో ఆలోచించక్కర్లేదు. మొదటి సినిమాలో ఒక మెకానిక్ పిల్ల ఉంటుంది. ఓడ చెడిపోతే కిందికి దిగి బాగుచేస్తుంది. బాగయ్యాక తలుపు బయటినుంచి మూస్తేనే ఓడ లేస్తుంది. ఆ పిల్ల మూసేసి, అక్కడే ఉండిపోతుంది. తెర మీద కనిపించేది కాసేపే. కానీ ఆ తర్వాత ఏ ఊరికి వెళ్ళినా డైరెక్టర్‌ను జనం అడిగేది ఒకటే, ఆ పిల్ల ఏమైంది సార్ అని. సిరీస్ ఆ పిల్ల కథ.

నేనేమో ఖమ్మంలో ఇంట్లో కూర్చుని డైలీ సీరియళ్ళు రాసుకునేదాన్ని. అత్తాకోడళ్ళను ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో నిలబెట్టినదానికి, ఒక పిల్లను ఒక గ్రహం మీద ఎనిమిది ఎపిసోడ్లు నిలబెట్టడం ఎంతపని అని నన్ను పిలిచారు. గ్రహం కూడా రెడీగానే ఉంది. మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల పక్కన తవ్విపోసిన మట్టి గుట్టలు, పర్ణశాల దగ్గర గోదావరి ఎండిపోయి తేలిన ఇసుక. సెట్టు ఖర్చే లేదు. సీతమ్మ చీరలారేసిన రాళ్ళ మీదే మన పిల్ల స్పేస్ సూటు ఆరేసుకుంటే ఎట్లా ఉంటుందని నేను ఊరికే అన్నాను. డైరెక్టర్ దాన్ని నిజంగానే ఆలోచించి, "వద్దులే, లాడ్జి ఖాళీ చేయిస్తారు" అన్నాడు. ఆయన పరిస్థితి అంతలా ఉంది. జోకుకీ సలహాకీ తేడా తెలియనంత.

డైరెక్టర్‌కు కథ రాయడం చేతకాదు. చెప్పడమే. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, తలుపు కొడుతూ, మంచం కింద దూరుతూ చెప్తాడు. అట్లా చెప్పాలంటే ఎదురుగా ఊ కొట్టే మనిషి ఉండాలి. మేం ఎంత సూపర్ అన్నా పనికిరాదు. మామ ఊ కొట్టాలి. ఊ జోరుగా వస్తే సీన్ ఉంటుంది. నీరసంగా వస్తే సీన్ పోతుంది. రాకపోతే దాని మీద ఇంక చర్చ లేదు. మొదటి రెండు సినిమాలూ అట్లాగే తయారయ్యాయట. మూడోదానికి ఈయన కంటి ఆపరేషన్ చేయించుకుని మణుగూరులోనే ఉండిపోయాడు. సినిమా పోయింది. డైరెక్టర్‌కు ఇంతకంటే రుజువు ఏం కావాలి?

బాబాయ్ బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ముంజేతుల మీద చర్మం లోపల నీలంగా బొగ్గు మచ్చలు, ఎంత రుద్దినా పోనివి. కుర్చీ ఇస్తే కాళ్ళు పైకి ముడుచుకుని, తుండు మోకాళ్ళ మీద వేసుకుని కూర్చునేవాడు. పొద్దున్నే బజారుకు వెళ్ళి తాటి ముంజలు తెచ్చి, తోలు తీసి, మొదటిది అల్లుడి నోటికే అందించేవాడు. "చెప్పేటోని గొంతు ఎండొద్దు" అనేవాడు. మాకు మిగిలితే మిగిలినట్టు. ముదిరిపోయినవన్నీ నావంతుకే వచ్చేవి, నేనూ మొహమాటం లేకుండా అడిగేసేదాన్ని. పకపకా నవ్వి లేతది వెతికి ఇచ్చేవాడు.

కథ ఎట్లా ఉందని అడిగితే మాత్రం చెప్పడు. "వాడు చెప్పిండు, నేను విన్న" అంటాడు. అంతే. అల్లుడి సినిమాల్లో ఒక్కటీ ఆఖరుదాకా చూడలేదట. ఎందుకని అడిగాను. "సినిమాకు మన ఊ ఎందుకు బిడ్డా? అది మన కోసం ఆగదు. నిద్రొస్తది" అన్నాడు. ఫోను మోగితే తీసి చూసి పక్కవాళ్ళ చేతిలో పెట్టేవాడు. పెద్దమనిషి, ఫోన్లంటే చిరాకు కాబోలు అనుకున్నాను.

నాలుగు ఎపిసోడ్లు అయ్యేసరికి డైరెక్టర్ తిండి మానేశాడు. తెచ్చిన అన్నం కెలికి వదిలేసేవాడు. ఒక మధ్యాహ్నం ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని నాతో అన్నాడు: "ఇది కూడా పోతే ఇంక నేను కథ చెప్పనక్కా. ఎవరికీ చెప్పను. నోరు మూసుకుని మణుగూరులో మొబైల్ షాపు పెట్టుకుంటా." నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నిజంగానే అంటున్నాడని తెలిసింది. బాబాయ్ ఎదురుగా కూర్చుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

అయిదో ఎపిసోడ్ రోజు ఎండ రోళ్ళు పగిలేట్టు ఉంది. కిటికీలకు మందపాటి కర్టెన్లు లాగి, లైటు వేసుకుని కూర్చున్నాం. డైరెక్టర్ ఒక సీన్ ఎత్తుకున్నాడు. ఓడ వెళ్ళిపోయాక ఆ పిల్లకు ఇసుకలో తనవాళ్ళ చెప్పులు కనపడతాయి. సూట్లు వేసుకునేటప్పుడు హడావుడిగా అక్కడక్కడా విడిచేసినవి. ఆ పిల్ల వాటన్నిటినీ వెతికి, జతలు కలిపి, దులిపి, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు గడప ముందు పెట్టినట్టు వరసగా పెడుతుంది. ఎవరి జత ఎవరిదో ఒక్కొక్కటే పేరు చెప్పి పెడుతుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గది చీకటైంది. డైరెక్టర్ ఆపలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇంతకాలం ఆయన చెప్పినవాటిలో అంత మంచి సీన్ నేను వినలేదు. కానీ ఊ రాలేదు. ఒక్కటీ రాలేదు. డైరెక్టర్ గొంతు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, "మామా?" అన్నాడు. జవాబు లేదు. ఇంకాసేపటికి కరెంటొచ్చింది. బాబాయ్ కుర్చీలో అట్లాగే మెలకువగా కూర్చుని ఉన్నాడు. అల్లుడి మొహం కనపడగానే, "ఊ" అన్నాడు.

"తీసెయ్యండి" అన్నాడు డైరెక్టర్. "చెప్పుల సీన్ లేదు."

నేను ఎగిరాను. మీకు మతి ఉందా, అంత మంచి సీన్ ఎవరైనా తీసేస్తారా అని అరిచాను. "మామ ఊ కొట్టలేదక్కా" అన్నాడు, డాక్టర్ రిపోర్టు చదివినట్టు. ఆ సీన్ అట్లా పోయింది. నేను మాత్రం బాబాయ్ వైపే చూస్తూ ఉండిపోయాను. వెలుతురుంటే ఊ, లేకపోతే లేదు. ఫోను పక్కవాళ్ళ చేతికి. కళ్ళెప్పుడూ మూతి మీద. ఇన్నాళ్ళు నాకెందుకు తట్టలేదో!

ఆ సాయంత్రం ఆయన కరకట్ట మీద కూర్చుని ఉంటే వెళ్ళాను. గోదావరి వైపు చూస్తున్నాడు. "బాబాయ్, లాడ్జి కాలిపోతోంది" అన్నాను వెనకనుంచి. కదల్లేదు. ముందుకొచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"నీకు ఇనపడ్తలేదు కదా?" అన్నాను.

"అవ్" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మెల్లమెల్లగ పోయింది బిడ్డా. బాయిల పేలుళ్ళ చప్పుడుకు సగం ఆడనే పోయింది. మిగిలింది గీ ఏడు పోయింది. మూతి చూస్తే కొంచెం తెలుస్తది. వాని మొహం చూస్తే ఏడ ఊ కొట్టాల్నో తెలుస్తది."

నా ఒళ్ళు మండిపోయింది. "నీ ఊ చూసే కదా బాబాయ్ ఆయన సీన్లు ఉంచేది, తీసేది! ఇయ్యాల చెప్పుల సీను తీసేసిండు నీ వల్ల. రేపు ఛానెలోళ్ళ ముందు బోర్లా పడితే ఎవరిది పాపం?"

ఆయనకు నా మాటల్లో సగం అందినట్టు లేదు. కోపం మాత్రం పూర్తిగా అందింది. తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. నేను అడగని సంగతి చెప్పాడు. వినపడనివాళ్ళు మాట్లాడినట్టు కొంచెం గట్టిగానే చెప్పాడు, దారిన పోయేవాళ్ళు తిరిగి చూస్తున్నా.

"బాయిల ఒకపాలి కప్పు కూలింది. ముగ్గురం ఇరుక్కున్నం. టోపీ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయినయ్. ఇగ చీకటి. గసొంటి చీకటి చెప్తే తెల్వదు. మాల పెద్దాయన ఒకడుండె, కథలు మస్తు చెప్పేటోడు. భయం పోవాల్నని కథ ఎత్తుకున్నడు. నేను, నా ఈడోడు ఇంకొకడు, ఊ కొడుతున్నం. మా ఊలు ఇనపడుతుంటే ఆయనకు ధైర్యం. ఇంక ముగ్గురం ఉన్నమని ఎరుక."

"తర్వాత?" అన్నాను.

"వాని ఊ ఆగింది."

చీకట్లో తడుముతున్నట్టు చెయ్యి పక్కకు చాపి చూపించాడు.

"చెయ్యి పెట్టి చూసిన. సల్లగున్నడు. పెద్దాయన అడుగుతాండు, వింటున్నరారా అని. గొంతు వణుకుతాంది. చెప్తే ఆయన కూడా ఆడనే పోతడు. నా ఊ నేను కొట్టిన. వాని ఊ కూడా నేనే కొట్టిన. సన్నగ, వాని లెక్క. మమ్మల్ని తీసేదాంక రెండు గొంతులతోని కొట్టిన."

"బతికిండా ఆయన?"

"బతికిండు. బయటికొచ్చినంక తెలిసింది ఆయనకు, సచ్చినోనికి కథ చెప్పిండని. ఇగ ఎన్నడు నాతోని మాట్లాడలే. బజార్ల ఎదురైతే ఆ పక్కకు పోయేటోడు. కథలు చెప్పుడు కూడా బంద్ చేసిండు." తుండు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. "నా అల్లునికి తెలిస్తే వాడు కూడా గట్లనే అయితడు. వాడు నోరు మూసుకుంటే సస్తడు బిడ్డా. చెప్పకు. ఛానెలోళ్ళకు చెప్పుడు అయిపోనీ, తర్వాత నేనే చెప్పుకుంట."

బాగుందో లేదో తెలియని కథకు ఎట్లా ఊ కొడతావు అని అడిగాను. మూడుసార్లు తిప్పి తిప్పి అడిగితే అర్థమైంది. "బాగుందో లేదో నేనెన్నడు చెప్పిన?" అన్నాడు, అదేదో నేను కొత్తగా అంటగట్టిన నేరమన్నట్టు. "వాడు చెప్తున్నంతసేపు ఉన్న. గంతే కదా."

చెప్పనని మాటిచ్చాను. ఒక్క షరతు పెట్టాను, చెప్పుల సీన్ అల్లుడితో మళ్ళీ చెప్పించుకుని ఊ కొట్టాలని. చెప్పుల సీన్ ఆయనకు ఎదురుగా కూర్చుని, పెదాలు కదిలిస్తూ, నా చెప్పులూ ఆయన చెప్పులూ ఆ కట్ట మీద పెట్టి చూపిస్తూ మొత్తం చెప్పాను. అటూ ఇటూ పోయేవాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు. మర్నాడు పొద్దున అల్లుడికి ముంజ అందిస్తూ, "నిన్నటి చెప్పుల సంగతి మళ్ళొకపాలి చెప్పు" అన్నాడు బాబాయ్. చెప్తుంటే ఊ మీద ఊ కొట్టాడు. సీన్ తిరిగొచ్చింది. డైరెక్టర్ ఆ రోజు అన్నం తిన్నాడు.

ఛానెల్ వాళ్ళు వచ్చిన రోజు లాడ్జి పైఅంతస్తు హాలు మాట్లాడుకున్నాం. హైదరాబాద్ నుంచి ముగ్గురొచ్చారు. పెద్దావిడ ఒకామె, ల్యాప్‌టాపులతో ఇద్దరు కుర్రవాళ్ళు. ఆమె మర్యాదస్తురాలే. ఆమె మీద నాకిప్పటికీ కోపం రావట్లేదు, రమ్మని పిలిచినా. మధ్యలో బల్ల మీద ఫోను పెట్టారు. మనిషి మాట్లాడుతుంటే అదే వినుకుని, టకటకా ల్యాప్‌టాపులో అక్షరాలుగా వేసుకుపోయే యంత్రమేదో అందులో ఉందట. డైరెక్టర్ లేచి నిలబడ్డాడు. బాబాయ్ ఎప్పటిలాగే కాళ్ళు పైకి పెట్టుకుని ఆయన మొహం కనపడేచోట కూర్చున్నాడు.

మొదలైంది. ఆ ముగ్గురి మొహాల్లో ఏమీ లేదు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు కథలు అట్లాగే వింటారు. ఆ హాల్లో మనిషి ఉన్నట్టు చప్పుడు చేస్తోంది ఒక్క బాబాయే. డైరెక్టర్ ఆ ఊలు పట్టుకునే మొదటి ఎపిసోడ్ దాటాడు, రెండు దాటాడు. చెప్పుల సీన్ దగ్గర కుర్రవాళ్ళలో ఒకడు టైపు చేయడం ఆపి తలెత్తాడు. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. ఆరో ఎపిసోడ్ ముగిసింది. ఇంకా రెండే ఉన్నాయి.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు రెండో కుర్రాడు. ల్యాప్‌టాపు ఆమె వైపు తిప్పాడు. తెర నిండా ఊ, ఊ, ఊ అని పడి ఉంది. కథ మధ్యమధ్యలో ముక్కలు ముక్కలుగా కనపడుతోంది. ఆమె నవ్వాపుకుంది.

"సార్, ఏమనుకోకండి. అంకుల్‌ని కాసేపు కింద కూర్చోమందామా? ఆయన వాయిసే వస్తోంది."

డైరెక్టర్ మొహం కిందికి వాలింది. ల్యాప్‌టాపు తెర వైపు వంగి, అట్లా వంగే ఉండి అన్నాడు, "మామా, కొంచెం కిందికి పోయి కూచో."

"ఊ" అన్నాడు బాబాయ్. కదల్లేదు.

"మామా. బయటికి పో."

"ఊ."

కుర్రవాళ్ళిద్దరూ పక్కున నవ్వేశారు. డైరెక్టర్ మెల్లగా తలెత్తి మామను చూశాడు. మామ ముందుకు వంగి, కళ్ళు పెద్దవి చేసుకుని, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తున్నాడు. డైరెక్టర్ మొహంలో రక్తం పోవడం నేను చూశాను. నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. ఆమె మంచినీళ్ళు అందించింది. తాగాడు. మళ్ళీ తెరిచాడు. రాలేదు.

"పర్లేదు సార్, కాన్సెప్ట్ చాలా బావుంది. మాట్లాడుకుందాం" అన్నదామె. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. ఫోను తీసుకున్నారు, ల్యాప్‌టాపులు మూసుకున్నారు, బాబాయ్‌కి కూడా నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయారు.

డైరెక్టర్ కిటికీ దగ్గరికి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నాకు ఛానెల్ గుర్తులేదు, సిరీస్ గుర్తులేదు. బజారులో ఎదురైతే ఆ పక్కకు పోయే ఒక ముసలాయన ఒక్కడే గుర్తున్నాడు.

"నీకు తెలుసా అక్కా?" అన్నాడు తిరక్కుండానే.

"తెలుసు."

"అంటే ఇన్ని రోజులు నేను గోడకు చెప్పిననా?"

"గోడ ఊ కొట్టదు" అన్నాను కసిరినట్టే. అంతకు మించి చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పే హక్కు కూడా లేదు.

బాబాయ్ కాళ్ళు కిందికి దించాడు. ఖాళీ కుర్చీలు చూశాడు, నన్ను చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో, తెలిసిపోయిందని ఆయనకూ తెలిసిందనే అనుకుంటాను. అయినా తుండు మోకాళ్ళ మీద సర్దుకుని, అల్లుడి వీపుతో అన్నాడు, కావలసినదానికంటే చాలా గట్టిగా:

"ఏంది అల్లుడా, ఆగినవ్? ఆ పిల్ల ఇంక ఆడనే ఉంది."

డైరెక్టర్ కదల్లేదు. కింద కారు వెళ్ళిపోయింది. నేను తల వంచుకుని కూర్చున్నాను, ఆ వీపు వంక చూడలేక.

తర్వాత కుర్చీ లాగిన చప్పుడైంది. ఆయన దాన్ని మామ ముందుకు తెచ్చి వేశాడు. అక్కడ కూర్చుంటే మొహం మీద నీడ పడుతోందని లేచి, కిటికీ వెలుతురు తిన్నగా తన మూతి మీద పడేట్టు ఇటు జరిపి, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మాటమాటకూ పెదాలు బాగా కదిలిస్తూ, మెల్లగా, ఏడో ఎపిసోడ్ మొదలుపెట్టాడు.